పన్నెండు వోల్టుల అబద్ధం

“ఓ లైట్ అన్నా! అది బండా, అంబులెన్సా?”

దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో మేడ మీది కిటికీ నుంచి ఈ ప్రశ్న కింద పడింది. దాని వెంట అరగ్లాసు చల్లారిన చాయ్ కూడా పడింది. ప్రశ్న అంజన్ చెవిలో, చాయ్ అంజన్ భుజం మీద.

అంజన్ తలెత్తి చూశాడు. కిటికీలో ఒక అమ్మాయి. కుడిచేతిలో సూది, ఎడమచేతిలో ఖాళీ గ్లాసు, కళ్ళల్లో ఆ రెండింటికంటే పదునైనదేదో.

“అన్నా అనకు,” అన్నాడు.

“చాయ్ పోసినందుకు కోపం రాలేదా? అన్నా అన్నందుకొచ్చిందా?”

“చాయ్ ఉతికితే పోతది.”

అంజన్ బండ్లకు వైరింగ్ చేస్తాడు. అజ్మత్ అలీ గారి దగ్గర ఎనిమిదేళ్లుగా పని. తల్లీ తండ్రీ లేని అతనికి ఉన్న పెద్దదిక్కు ఆ ఉస్తాదే. వాళ్ళ షాపు ఎంత ఇరుకంటే, లోపల ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు రెండోవారు వదలాలి. అందుకే పనంతా వీధిలో, ఎదురింటి తెల్లగోడ ముందు. ఆ గోడ మీదే ఆ కిటికీ. ఆ కిటికీ దగ్గరే భాగ్యశ్రీ మగ్గం. పెళ్ళి జాకెట్ల మీద జరీ పూలు కుట్టి తననూ, తల్లి విమలాదేవినీ పోషిస్తున్న పిల్ల. తండ్రి పోయి నాలుగేళ్లు. నెల కిందటే ఈ ఇంట్లోకి అద్దెకు దిగారు.

“లైటు కొడితే దారం ఒకటి రెండైతుంది. సూది గుచ్చుకుంది చూడు! ఇది పెండ్లికూతురి జాకెట్. రక్తం మరక పడితే నువ్వు తొడుక్కుంటవా?”

“సైజు చూడాలె.”

కిటికీ ధడాల్న మూసుకుంది. అజ్మత్ అలీ గారు గడ్డం నిమురుకున్నారు.

“బేటా, మొదటి మాటకే చాయ్ పోసింది. రెండో మాటకు ఖిడ్కీ వేసింది. మూడో మాట జర సోచ్‌కే బోల్.”

లైటు సంగతి చెప్పాలి. ఆరు వారాల కిందట, మాదన్నపేట కూరగాయల మార్కెట్ మలుపు దగ్గర, మిట్టమధ్యాహ్నం, ఒక ఆటో వచ్చి అంజన్‌ను గుద్దింది. మెడ కింది ఎముక విరిగింది. ఆటో అతను పరుగున వచ్చి ఏడ్చినంత పనిచేశాడు. “కసమ్ భాయ్, కనిపియ్యలే!” ఆరడుగుల మనిషి, ఎర్రటి బండి, నెత్తిన సూర్యుడు. అయినా కనిపించలేదట. గుద్దినందుకు కాదు, కనిపించనందుకు అంజన్ మనసు విరిగింది.

అందుకని హెడ్‌లైట్ మాడ్యులేటర్ తెప్పించాడు. పెద్ద పేరే గానీ అది అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. బల్బుకూ సాకెట్‌కూ నడుమ దూరి, పగటిపూట లైటును సెకనుకు నాలుగుసార్లు పెంచి తగ్గిస్తుంది. ఎదురుగా వచ్చేవాడు ఎంత పరాకు మనిషైనా చూడక తప్పదు. చీకటి పడితే దాని సెన్సర్ కనిపెట్టి ఊరుకుంటుంది. మొదట తెప్పించిన డబ్బా పాత హాలోజన్ బల్బులది. అంజన్ బండికి ఉన్నది ఎల్ఈడీ. పెడితే చలిజ్వరం వచ్చినట్టు వణికింది తప్ప మాట వినలేదు. ఎల్ఈడీకని విడిగా చేసిన రెండో డబ్బా ఆ రోజే వచ్చింది.

దాని ధగధగకు గల్లీలో కోడిపుంజు మధ్యాహ్నం రెండింటికి తెల్లారిందనుకుని కూసిందని అజ్మత్ అలీ గారు ఇప్పటికీ చెబుతారు. ఆ గల్లీలో కోడిపుంజే లేదు.

మర్నాటి నుంచి అంజన్ బండిని గోడకు అడ్డంగా తిప్పి పెట్టుకున్నాడు. కిటికీ మళ్ళీ తెరుచుకుంది.

“ఏంది, లైటు పక్కకు పెట్టినవ్?”

“నువ్వు సూది గుచ్చుకుంటవని.”

“నా సూదికి అంత ఫికర్ ఎవరు పెట్టుకోమన్నరు?”

“సూదికి కాదు.”

వానొచ్చింది. ఆషాఢం చివరి వాన. దారపు ఉండలు కొనడానికి దిగిన భాగ్యశ్రీ షాపు రేకు కింద ఇరుక్కుంది. ఉస్తాద్ నమాజుకు వెళ్ళడంతో ఊపిరి పీల్చుకోవడానికి చోటు కూడా ఉంది. రేకు మీద వాన ఎంత లొల్లి చేసిందంటే ఇద్దరూ చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుకోవాల్సి వచ్చింది. వాన ఆగాక కూడా ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

“పొద్దున నీ చేతిల గ్లాసు జారి పడింది. చూసిన,” అన్నాడు అంజన్.

ఆమె నవ్వు సగంలో ఆగింది. “నిద్ర తక్కువైతే పొద్దున పూట చేతులు ఝటక్కుమంటయ్. ఏం కాదు.”

అతను నమ్మాడు. నవ్వే పిల్ల చెప్పినదల్లా నమ్మే వయసు.

ఆ వారం చివర, నాలుగింటి వేళ, అంజన్ పని ముగించాడు. డబ్బాను హెడ్‌లైటు వెనక బిగించి, వైర్లు కట్టి, సెన్సర్‌ను ఆకాశం కనబడేలా అమర్చాడు. అరచేత్తో సెన్సర్ మూస్తే లైటు నిలకడగా వెలిగింది. చెయ్యి తీస్తే కొట్టుకుంది. గొప్పగా అనిపించింది. ఆ గొప్ప ఎవరికైనా చూపించుకోవాలనిపించింది. ఎవరికో చెప్పక్కర్లేదు.

“భాగ్యా! కిందికి రా. ఒక్కసారి చూసి పో.”

ఆమె వచ్చింది. కొంగుకు ఇంకా జరీ పోగు అంటుకునే ఉంది.

“ఎదురుంగ నిలబడు. సెకనుకు ఎన్నిసార్లు కొడ్తదో లెక్కపెట్టు. కరెక్టు చెప్తే ఇరానీ చాయ్.”

“పోసెటందుకా, తాగెటందుకా?” అని వంగి, కళ్ళు పెద్దవి చేసి లైటులోకి చూసింది. “ఒకటి, రెండు, మూడు...”

పదకొండు అంది. పన్నెండు అనలేదు.

ఇక్కడ ఏ గొప్పలూ కలపడానికి లేదు. మెడ ఒక పక్కకు తిరిగింది. తెరిచిన కళ్ళు ఏమీ చూడలేదు. తడి బండల మీద ఆమె పడిన చప్పుడు గల్లీ మొత్తానికి వినిపించింది. ఒళ్ళు కర్రలా బిగిసి, తర్వాత కొట్టుకోవడం మొదలుపెట్టింది. నోట్లో నురగ. బట్టలు తడిశాయి. ఎవరో ఆమె పిడికిట్లో తాళంచెవులు కుక్కారు. ఎవరో ముక్కు దగ్గర చెప్పు పెట్టారు. “గాలి సోకింది” అని ఒక గొంతు. అంజన్ రాయిలా నిలబడ్డాడు. బండి లైటు ఆమె ముఖం మీద సెకనుకు నాలుగుసార్లు కొడుతూనే ఉంది. అజ్మత్ అలీ గారు ఉరికి వచ్చి వైరు పీకేదాకా.

విమలాదేవి చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. ఏడవలేదు, అరవలేదు. ముందు కూతురి ముఖం మీద కొంగు కప్పింది. తర్వాత చుట్టూ చూసింది. మూగిన జనాన్నీ, బండినీ, ఊడి వేలాడుతున్న వైరునూ.

“ఏం లేదు, ఏం లేదు. కరెంటు కొట్టింది,” అంది.

మాట బయటికి వచ్చాకే అది ఎంత పనికొచ్చే మాటో ఆమెకు తెలిసింది.

సాయంత్రం ఆమె షాపుకు వచ్చింది. పిల్ల పడుకుందని చెప్పింది. అంజన్ అప్పటికే మాడ్యులేటర్ వైర్లు కత్తిరించి, డబ్బాను చెత్తలో పారేశాడు. ఫోన్‌లో చదివాడు కూడా. కొందరికి కొట్టుకునే లైటు చూస్తే మూర్ఛ వస్తుందట. పాత హాలోజన్ అయితే లోపలి తీగ మెల్లగా చల్లారుతుంది, వెలుగు ఊపిరి తీసినట్టు పెరిగి తగ్గుతుంది. ఎల్ఈడీ అలా కాదు, కత్తితో కోసినట్టు వెలుగు, చీకటి.

“ఆంటీ, నా లైటే తెచ్చింది,” అన్నాడు.

“నీ లైటుకు ముందు రెండుసార్లొచ్చింది నాయనా. రెండేండ్లల్ల ఇది మూడోది. పాత ఇల్లు గందుకే మారినం.”

“డాక్టర్‌కు చూపించలేదా?”

“చూపిస్తే చీటీ మీద రాస్తడు. రాసిందాన్ని ఎవరన్నా చదువుతరు.” ఆమె స్టూలు మీద కూర్చోలేదు. “వచ్చే ఆదివారం కార్వాన్ నుంచి సంబంధమోళ్ళు వస్తున్నరు. అక్షయ్ అని పిల్లగాడు, బట్టల దుకానం. పడ్డ సంగతి వాళ్ళకు తెలవకుండ ఉండదు. నీ బండి షాక్ కొట్టిందని చెప్పు బాబూ. పిల్లకు కూడా అదే చెప్పిన. నమ్మింది.”

అజ్మత్ అలీ గారు లేచి నిలబడ్డారు.

“బెహన్, బండి బ్యాటరీ బారా వోల్టులు! నలభై ఏండ్ల సంది ఉత్త చేతుల్తో పట్టుకుంటున్న. దోమ కూడా దీనికంటే గట్టిగ కుడ్తది. మా వైరింగ్ షాక్ కొట్టిందంటే ఇగ మా దగ్గరికి బండి ఎవరు తెస్తరు?”

“చెప్త ఆంటీ,” అన్నాడు అంజన్.

“బేటా!”

“లెక్కపెట్టమన్నది నేనే ఉస్తాద్.”

అజ్మత్ అలీ గారు లేచిన చోటే మళ్ళీ కూర్చున్నారు.

మాట మూడు రోజుల్లో మొలకెత్తి మానైంది. మొదటి రోజు బండి అమ్మాయిని పడేసింది. రెండో రోజు పది గజాల దూరం విసిరేసింది. మూడో రోజుకు, మాదన్నపేట చేరేసరికి, అదే బండి రెండు మేకల్ని కూడా చంపింది. రిపేరుకు ఇచ్చిన బండ్లు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోయాయి. ఒకాయన చేతులకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని వచ్చి మరీ తన స్కూటీని తోసుకుపోయాడు. నవ్వు రావాల్సిన దృశ్యమే. షాపులో ఎవరూ నవ్వలేదు.

ఆదివారం కార్వాన్ వాళ్ళ కారు గల్లీ మొగలో ఆగింది. అందులోంచి మొదట దిగినది పెళ్ళికొడుకు మేనమామ సోమశేఖర్. ఆయన మేడ ఎక్కలేదు. నేరుగా షాపుకు వచ్చాడు.

“షాక్ కొట్టిన బండి ఏది?”

అంజన్ చూపించాడు.

“ఏ వైరు?”

“హెడ్‌లైట్‌ది అంకుల్.”

సోమశేఖర్ సీటు లేపించాడు. రెండు చేతుల వేళ్ళూ తడి చేసుకుని బ్యాటరీ రెండు మొనల మీదా పెట్టాడు. అలాగే నిలబడి అంజన్ కళ్ళలోకి చూశాడు.

“ముప్పై ఏండ్లు కరెంటు స్తంభాలెక్కిన బిడ్డా. పదకొండు వేల వోల్టులు మా దోస్త్‌ను నా కండ్ల ముంగట మింగింది. పన్నెండు వోల్టులకు పిల్ల కింద పడి కొట్టుకోదు. ఏం దాస్తున్నరు?”

“ఏం లేదంకుల్. తప్పు నాదే. వైరింగ్ తప్పు జేసిన.”

“ఏం తప్పు జేస్తే పన్నెండు వోల్టులు మనిషిని పడేస్తదో చెప్పు. నేను గూడ నేర్చుకుంట.”

“నాకు పని రాదు అంకుల్. పని రానోడు జేసిన వైరింగ్. గంతే.”

ఎనిమిదేళ్లు పని నేర్పిన అజ్మత్ అలీ గారు ముఖం గోడకు తిప్పుకున్నారు.

“ఆయనకు పని వస్తది.”

మెట్ల మీద భాగ్యశ్రీ. పట్టుచీర, తలలో పూలు, దవడ మీద ఇంకా మానని గీత. వెనక విమలాదేవి ఆమె చెయ్యి పట్టుకుని లాగుతోంది. భాగ్యశ్రీ ఆ చెయ్యి విడిపించుకుని దిగింది.

“షాక్ గాదు. నాకు ఫిట్స్ వస్తయి. ఇది మూడోసారి. మా అమ్మ కరెంటంటే నేను కూడా నమ్మిన. నమ్మితే బాగుంటదని నమ్మిన. ఈయన వైరింగ్‌ల తప్పేం లేదు.”

సోమశేఖర్ వేళ్ళ తడి ధోవతికి తుడుచుకున్నాడు.

“నిజం చెప్పినవ్ తల్లీ. మంచిదే జేసినవ్,” అన్నాడు. ఆమెకూ, మెట్ల మీది తల్లికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. కారులోంచి అక్షయ్ దిగనే లేదు. కారు వెనక్కి నడిచి, మలుపు తిరిగి పోయింది. విమలాదేవి పైకి వెళ్ళి తలుపు వేసుకుంది.

భాగ్యశ్రీ అంజన్ వైపు తిరిగింది.

“నా రోగాన్ని నీ వైరుకు కట్టుమని ఎవరడిగిన్రు?”

“మీ అమ్మ.”

“నన్నడిగినవా?”

అతను తల దించుకున్నాడు. “లెక్కపెట్టమన్నది నేనే గద.”

“అయితే? నీకు నువ్వే శిక్ష ఏసుకుంటవా? నడుమ నేనేంది, జైలునా?”

“నిన్ను చేసుకుంట.”

గల్లీలో, పట్టపగలు, చేతికి గ్రీజుతో. అజ్మత్ అలీ గారు తటాలున షాపు లోపలికి దూరి, లేని పని వెతుక్కున్నారు.

భాగ్యశ్రీ నవ్వలేదు. “ఇది కూడ ఆ శిక్షలదేనా?”

“కాదు. అంతకు ముందే అడుగుదామనుకున్న. రేకు కింద.”

“అప్పుడు నీకు తెలవదు. ఇప్పుడు తెలుసు, గని చూసింది ఒక్కసారే. అప్పుడు రాయి లెక్క నిలబడ్డవంట. మల్లొస్తది అంజన్. రానీ. పక్కన కూసో. బట్టలు ఖరాబైతయ్, చూడు. లేచినంక నీ పేరు కూడ నాకు యాదుండదు. గదంత అయినంక ఇంకా అడగబుద్ధయితే అడుగు. గప్పటి దాంక ఈ మాట ఎత్తొద్దు.”

అలా మొదలైంది దబీర్‌పురాలో ఏ ప్రేమికుడికీ రాని కష్టం. ఆమెకు ఫిట్స్ రాకూడదు. రాకపోతే అడగడానికి లేదు. శుక్రవారం ఉస్తాద్‌తో దర్గాకూ, శనివారం ఒంటరిగా హనుమంతుడి దగ్గరికీ వెళ్ళి, ఏం కోరుకోవాలో తెలియక ఇద్దరికీ ఊరికే దండం పెట్టి వచ్చేవాడు.

పెద్దాసుపత్రికి మాత్రం మొదటి వారమే తీసుకెళ్ళాడు. తల్లినీ కూతుర్నీ ఆటోలో ఎక్కించి, వెనక బండి మీద తను. డాక్టరమ్మ చీటీ మీద రాసింది. ఎవరూ చదవలేదు. చదివినా ఆ రాత ఎవరికీ అర్థమయ్యేది కాదు. మాత్రలు, వేళకు నిద్ర, కొట్టుకునే లైట్లకు దూరం. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తేవాలి. అంజన్ ఆ నాలుగు ముక్కలూ పాఠంలా వల్లించాడు.

మాత్రలు పనిచేశాయి. బతుకమ్మ పోయింది, దీపావళి పోయింది. నిజం బయటపడ్డాక బండ్లు కూడా ఒకటీ అరా తిరిగి వచ్చాయి.

“కైసా హై బేటా?” అని ఉస్తాద్ అడిగేవారు.

“నాలుగు నెలలాయె ఉస్తాద్, ఒక్కసారి గూడ రాలే.”

“అచ్ఛీ ఖబరా, బురీ ఖబరా?”

“మంచిదే,” అనేవాడు అంజన్, శవయాత్రలో నడిచే ముఖంతో.

ఒకరోజు భాగ్యశ్రీ ఒక పొట్లం తెచ్చి బండి మీద పెట్టింది. పచ్చటి కోటు. వీపు మీద వందల చిన్న అద్దాలు, ఒక్కోదాని చుట్టూ జరీ గొలుసు.

“లైటు తీసేసినవ్ గద. మల్ల ఆటోలోడు కనిపియ్యలే అనొద్దు. ఇదేసుకో.”

“ఇదేసుకుంటే పెండ్లి బరాత్‌ల గుర్రం లెక్క ఉంట.”

“గుర్రాన్నెవరూ గుద్దరు.”

“నీ కండ్లకేం గాదా, ఈ తళతళ?”

“నీ వీపు నేనెందుకు చూస్త?” అంది. చూసేది. ప్రతి సాయంత్రం మలుపు తిరిగేదాకా చూసేది.

మాఘమాసం పెళ్ళిళ్ళతో జాకెట్లు గుట్టపడ్డాయి. భాగ్యశ్రీ రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు, ఒకపూట మాత్ర మరిచిపోయింది. పొద్దున పదకొండింటికి అంజన్ దారపు పెట్టె ఇవ్వడానికి మేడ ఎక్కాడు. పెట్టె అందుకోబోయిన చెయ్యి ఝటక్కుమంది. అతనికి అర్థమైంది.

ఈసారి రాయి కాలేదు. పడకముందే పట్టుకుని, నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. చొక్కా విప్పి తల కింద పెట్టాడు. సూదుల డబ్బా దూరంగా తోశాడు. గడియారం చూశాడు.

విమలాదేవి తాళంచెవులతో వచ్చింది.

“వద్దాంటీ.”

కొంగు తీసింది, ముఖం మీద కప్పబోయింది.

“కప్పకండ్రి. ఊపిరాడాలె.”

విమలాదేవి కొంగు చేతిలోనే పట్టుకుని నిలబడింది. తర్వాత కూర్చుని కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. స్టేషన్‌లోకి ఒక రైలు వచ్చి పోయింది. గడియారంలో సెకన్ల ముల్లు ఎంత సోమరిదో ఆ రోజు అంజన్‌కు తెలిసింది. మోకాళ్ళ కింద తడి తగిలింది. అతను కదల్లేదు.

ఆగింది. చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

“ఎవరు?”

“అంజన్.”

“ఏ అంజన్?”

“వైరింగ్ చేస్తడు.”

“ఓ,” అని, ఎవరో పరాయివాడి మర్యాద కాపాడినట్టు తల ఊపి నిద్రపోయింది.

విమలాదేవి కూతురి బట్టలు మార్చింది. అంజన్ గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నాడు. గంట తర్వాత లోపలి నుంచి పిలుపు వచ్చింది. భాగ్యశ్రీ గొంతు, బరువుగా, ముద్దగా. అతను లోపలికి వెళ్ళాడు.

“ఎంతసేపు?”

“రెండు నిమిషాల ఇరవై సెకన్లు.”

“నీ పేరు మరిచిపోయిన్నా?”

“ఆఁ. ఎవరో అనుకున్నవ్.”

“భయపడ్డవా?”

“మస్తు.”

ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. తడిసిన ప్యాంటుకు బదులు విమలాదేవి ఇస్తే అతను లుంగీలా చుట్టుకున్న పాత చీర ముక్క అప్పుడు కనబడింది. పెదవి ఒక పక్క కదిలింది.

“అడుగు మరి.”

ఆరు నెలల నుంచి తయారు చేసుకున్న మాటలు పదహారు ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

“చేసుకుంటవా?” అన్నాడు.

ఆమె నోరు తెరవబోయి ముఖం చిట్లించింది.

“నాలుక కొరుక్కున్న. ఎక్కువ మాట్లాడరాదు. ఊ అన్న అని అమ్మకు నువ్వే చెప్పు.”

విమలాదేవి పంపు దగ్గర కూతురి చీర పిండుతోంది. అంజన్ వెళ్ళి నిలబడ్డాడు.

“ఆంటీ... ఊ అన్నది.”

“విన్న.” ఆమె చీరను ఇంకోసారి మెలిపెట్టింది. నీళ్ళు కారడం ఆగిపోయినా పిండుతూనే ఉంది. తర్వాత దాన్ని దులిపి, లోపలి తీగ వదిలేసి, వీధి వైపు తీగ మీద ఆరేసింది.

కింద నుంచి పక్కింటి సత్తెమ్మ తలెత్తింది. “ఏమైంది విమలమ్మా? ఇందాక ఏందో చప్పుడైతే గాబరైంది.”

“పిల్లకు ఫిట్స్ వచ్చింది సత్తెమ్మా,” అంది విమలాదేవి, గల్లీ అంతా వినేటట్టు. “తగ్గింది. సంబంధం గూడ కుదిరింది.”